ఆదెమ్మ తవ్విన బావి

దుర్గిలో యల్లమంద శిల్పాల పాకలో మిట్టమధ్యాహ్నానికి సుత్తులు ఆగేవి. పనివాళ్ళు సద్దిమూటలు విప్పుకునేవాళ్ళు. పక్క మిషన్ బడి నుంచి గ్రేసమ్మ పంతులమ్మ నోటుబుక్కు పట్టుకుని వచ్చి, కొత్తగా రాసిన కథ చదివేది. కథ కుదిరితే పాకలోని రాతిబొమ్మలు మెడ తిప్పి వినేవి. ఇంకో మంచి కథ వినేదాకా ఆ మెడ అలాగే ఉండిపోయేది. అందుకే యల్లమంద ఏ బొమ్మకైనా ముఖం ఆఖర్న చెక్కేవాడు. మూలన పగులిచ్చిన నంది ఒకటి కొనేవాళ్ళు లేక ఉండిపోయింది. గ్రేసమ్మ కళ్ళెప్పుడూ దాని మీదే.

ఆరేళ్ళుగా ఆమె పత్రికలకి కథలు పంపుతోంది. అన్నీ తిరుగుటపాలో వచ్చేవి. 1946 వేసవిలో ఆదెమ్మ మీద కథ రాసింది.

ఆదెమ్మ ఆ పాకలోనే రాతిముక్కలు ఎత్తిపోసే కూలిమనిషి. ఊరి బావిలో ఆమె కడవ ముంచకూడదు. గట్టు కింద నిలబడి, ఎవరికైనా బుద్ధిపుట్టి పోస్తే పట్టుకోవాలి. ఒకరోజు ఎండలో జాముసేపు నిలబెట్టి ఉత్త కడవతో పంపించారు. ఆదెమ్మ ఇంటికొచ్చి, గునపం తీసుకుని వాకిట్లో తవ్వడం మొదలుపెట్టింది. పొద్దున కూలికి పోయేది, సాయంత్రం తవ్వేది. బండ అడ్డం పడితే దానిమీద కంప మంట వేసి, బాగా కాలాక, అడుక్కొచ్చిన నీళ్ళు గుమ్మరించి పగలగొట్టేది. పదకొండు నెలలకి నీళ్ళు పడ్డాయి.

ఆ కథ చదువుతుంటే నంది తలే కాదు, మూపురం కూడా కదిలింది. గ్రేసమ్మ దాన్ని నరసరావుపేటలో మాసపత్రిక నడిపే త్రికోటేశ్వరరావుకి పంపింది. వచ్చి కలవమని కార్డు వచ్చింది. సెలవు పెట్టి బస్సెక్కింది.

"రాత బాగుందమ్మాయ్," అన్నాడాయన. "కానీ ముసలి కూలిది మట్టి తవ్వుతుంటే ఎవరు చదువుతారు? మొదటి పేజీలోనే అందగత్తె కనపడాలి. ఆదెమ్మకి పదహారేళ్ళు చెయ్యి. మోతుబరి కొడుకు గుర్రం మీద వస్తాడు, ఆమెని చూసి మనసు పారేసుకుంటాడు, బావి తవ్విస్తాడు. ఆఖర్న ఆమె అతని కాళ్ళ మీద పడి ఏడవాలి. చదివేవాళ్ళు ఏడిస్తేనే పైనెల మళ్ళీ మన పత్రిక వెతుక్కుంటారు."

"బావి తవ్వింది ఆమె అండీ!"

"తవ్వింది లేమ్మా, ఎవరు కాదన్నారు? ఇది కథ, పంచాయతీ తీర్పు కాదు. నేను చెప్పినట్టు రాసుకురా. నీ పేరు పెద్దక్షరాల్లో వేస్తాను."

గ్రేసమ్మ దారంతా ఆయన్ని తిట్టుకుంది. అయినా రెండు ఆదివారాలు కూర్చుని ఆయన చెప్పినట్టే తిరగరాసింది. పెద్దక్షరాలు కళ్ళముందు ఆడాయి మరి.

పాకలో చదివింది. గుర్రం వచ్చింది, వెన్నెల వచ్చింది, కన్నీళ్ళు వచ్చాయి. నంది ఉలకలేదు. ఆదెమ్మ తట్ట దించి ఎదురుగా నిలబడింది.

"పంతులమ్మా, ఇందులో నా చేతులేయి?"

గ్రేసమ్మ కాగితాలు మడవబోయింది.

"ఊరోళ్ళు నాకు నీళ్ళే పొయ్యలా. నువ్వు ఏకంగా నా బావే తీసుకుపోయి ఎవడికో ఇచ్చావు. వాడెవడు? గునపం ఎటునుంచి పట్టుకోవాలో తెలుసా ఆడికి?"

ఆమె తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. గ్రేసమ్మకి చెంప పగిలినట్టయింది. కోపం ముందు పత్రికాయన మీద వచ్చింది, తర్వాత తనమీద వచ్చింది. ఆ రెండోది తగ్గలేదు.

మరుసటి వారం త్రికోటేశ్వరరావే బండి కట్టించుకుని పాకకి వచ్చాడు. పత్రిక పెట్టిన తన తండ్రి విగ్రహం అక్కడే చెక్కించాడు, దాన్ని తీసుకుపోవడానికి వచ్చాడు. ఆ పొద్దునే యల్లమంద కళ్ళు తీర్చి పెట్టాడు.

"కథ మార్చావా?" అని అడిగాడు గ్రేసమ్మని.

"మార్చా. ఇదిగోండి, మీ కథ," అని కాగితాలు ఆయన చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఆమె కథ వినండి." నోటుబుక్కు తెరిచి మొదట రాసింది చదివింది. ఉత్త కడవ దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచింది.

రాతితండ్రి మెడ మెల్లగా తిరిగి, గుమ్మం పక్కన నిలబడ్డ ఆదెమ్మ దగ్గర ఆగింది.

"ఇదేందయ్యా యల్లమందా! ఎల్లుండి ఆవిష్కరణ. మా నాన్న వీధివైపు చూడొద్దూ?"

"ఇంకో కథ వినిపిస్తే తిరుగుద్దండి. మీ చేతిలో ఉందిగా."

త్రికోటేశ్వరరావు గొంతు సవరించుకుని చదివాడు. మంచి గొంతే. గుర్రం దగ్గర హుషారుగా, ఏడుపు దగ్గర నిజంగానే ముక్కు చీదుతూ చదివాడు. రాయి కదల్లేదు. మళ్ళీ మొదట్నుంచీ చదివాడు. కండువా చెమటతో తడిసిపోయింది.

"ఒక్క ముక్కా వినలేదమ్మా," అన్నాడు చివరికి, తండ్రి వైపు చూస్తూ. "ఆ నోటుబుక్కు ఇటివ్వు."

"ఒక్క అక్షరం మార్చినా ఇవ్వను."

"మార్చను."

"ఆమె వయసు?"

"ఎంతుంటే అంతే!" అని కసిరి, నోటుబుక్కు తీసుకుని, తిరిగిన మెడతోనే తండ్రిని బండెక్కించుకుపోయాడు.

దసరా సంచికలో కథ వచ్చింది. మెచ్చుకుంటూ ఉత్తరాలేమీ రాలేదు. దీపావళి వెళ్ళాక ఒక ఎడ్లబండి వచ్చింది. మాచవరం నుంచి ముగ్గురు ఆడవాళ్ళు. చదువు రాదు, పాస్టరమ్మ చదివి వినిపించిందట. గ్రేసమ్మని పలకరించి, నేరుగా ఆదెమ్మ దగ్గరికి పోయారు.

"అక్కా, మేమూ బావి తవ్వుతున్నాం. మాకూ బండే తగిలింది. మంట ఎంతసేపు ఉంచాలో కాయితంలో లేదు."

గ్రేసమ్మ నాలిక కరుచుకుంది.

"నోటితో చెపితే ఏం తెలుసుద్ది?" అని ఆదెమ్మ యల్లమందకి చెప్పి బండెక్కింది. మూడు నెలలు అక్కడే ఉంది. ఆ తర్వాత నడికుడి వాళ్ళు పిలిచారు. మళ్ళీ పాకలో తట్ట ఎత్తలేదు.

మాచవరంలో నీళ్ళు పడ్డ రోజు గ్రేసమ్మ కూడా వెళ్ళింది. వాడంతా బావి చుట్టూ చేరింది. చంకల్లో కడవలున్నాయి. కానీ ఒక్కరూ అడుగు ముందుకెయ్యలేదు. ఎవరో వచ్చి పోస్తారన్నట్టు అందరూ అలవాటు కొద్దీ ఎడంగా నిలబడిపోయారు.

ఆదెమ్మకి ఒళ్ళు మండింది.

"ఎవడికోసమే చూస్తున్నారు?" అని అరిచింది. "ముంచండి!"