నాలుగు లెక్కపెట్టేదాకా

కొత్త బట్ట ఏది ఇంటికొచ్చినా ముందు దాని మెడ దగ్గర కుట్టిన చీటీ కత్తిరించాలి. కత్తిరించి ఊరుకుంటే చాలదు, మిగిలిన దారపు మొనలు ఒక్కొక్కటే పీకాలి. ఒక్క మొన మిగిలినా ఆమెకు రోజంతా వీపు మీద చీమ పాకుతున్నట్టే ఉంటుంది. ఆ ఆదివారం మంచం మీద కూర్చుని ఆ పనే చేస్తుంటే తల్లి వచ్చి కత్తెర లాక్కుంది.

"సాయంత్రం నిన్ను చేసుకుంటానన్న అతను వాళ్ళక్కతో వస్తున్నాడు. ఈ పిచ్చి చేష్టలు వాళ్ళ ముందు వద్దు. మాట్లాడేటప్పుడు నాలుగు లెక్కపెట్టేదాకా కళ్ళలోకి చూడు. తర్వాత చూపు తిప్పుకుని నవ్వు. మర్చిపోకు" అంది.

మర్చిపోవడమా? ఆరేళ్ళ వయసు నుంచి ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఆమె చేసిన చాకిరీ అదే కదా! వంటపనికి సెలవు లేదంటారు గానీ, గిన్నెలు కడిగి బోర్లిస్తే ఆ పూటకు అది అయిపోయినట్టే. ఈ పనికి బోర్లించడమనేది లేదు. నలుగురూ నవ్వితే ఎందుకో తెలియకపోయినా నవ్వాలి. ఫ్యాను మోత చెవిలో మేకులా దిగుతున్నా ముఖం చిట్లించకూడదు. ఏడేళ్ళ కాపురంలో పొద్దున్నుంచీ ఇదంతా చేసి, రాత్రికి మాట పెగలక ఊరుకుంటే, అప్పటి భర్త "రాయితో కాపురం చేస్తున్నట్టుంది" అన్నాడు. "రాయైతే తలుపుకి అడ్డమైనా పెట్టుకోవచ్చు" అని అత్తగారు అందుకుంది. ఆ రాయే తమకు మూడు పూటలా వండి పెడుతోందన్న సంగతి ఇద్దరికీ తోచలేదు. విడిపోయాక ఒక డాక్టరు దీనికి ఆటిజం అని పేరుందని చెప్పింది. ఆమె ప్రాణం తేలికపడింది. తల్లి మాత్రం ఆ మాట గడప దాటనివ్వకు అంది.

దాటింది. ఆమె పాఠ్యపుస్తకాల అచ్చుతప్పులు దిద్దే ఆఫీసులో, లిఫ్టు నుంచి సన్నటి కూత ఒకటి మొదలైంది. చెబితే అందరూ నవ్వారు. నీ చెవులకే అన్నీ వినపడతాయమ్మా అని మేనేజరు వెటకారం చేశాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి ఒక్కడే నవ్వలేదు. గోడకి చెవి ఆనించి చాలాసేపు నిలబడి, "అవును, నాలుగో అంతస్తు దాటాక" అన్నాడు. విప్పి చూస్తే పైన చక్రంలో బేరింగు అరిగిపోయి ఉంది. మూడోరోజు అతను గోడకేసి చూస్తూ, రక్తం గ్రూపు చెప్పినంత మామూలుగా, తనకు ఆటిజం ఉందన్నాడు. "నాకూ" అంది ఆమె. ఆ మాట అంత తేలిగ్గా నోటి నుంచి రావడం అదే మొదలు.

అప్పటినుంచి అతను ఆ భవనానికి వచ్చినప్పుడల్లా ఇద్దరి మధ్యాహ్నం భోజనం పైన లిఫ్టు మోటారు గదిలోనే, వీపుకి వీపు ఆనించి కూర్చుని. అతను ఉక్కుతాళ్ళ గురించి అరగంట చెబుతాడు, ఆమె వింటుంది. ఆమె తను పట్టుకున్న తప్పులు చెబుతుంది, అతను వింటాడు. తర్వాత ఎవరూ మాట్లాడరు. ఆ ఊరుకోవడంలో ఎవరికీ ఎవరి మీదా కోపం ఉండదు. ఏడు నెలలయ్యాక, "మనం కలిసి ఉందామా? బాగా ఆలోచించాను, వద్దనడానికి కారణం కనపడలేదు" అన్నాడు. అతని గుండె దడదడా కొట్టుకోవడం ఆమె వీపుకి తెలిసింది. ఆమెకు అంత సంతోషం అంతకుముందెన్నడూ కలగలేదు.

అలాంటి మనిషి ఆ ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చాడు. ఆమె టీ ఇచ్చింది, నాలుగు లెక్కపెట్టింది, నవ్వింది. వాళ్ళక్క ముందు అతనికి తలవంపులు కాకూడదని ఇంకాస్త బాగా నవ్వింది. తీరా చూస్తే అతనూ నవ్వుతున్నాడు! కళ్ళలోకి చూస్తున్నాడు. ఎండల గురించి, వానల గురించి మాట్లాడాడు. వెళ్ళేటప్పుడు ఆమె భుజం కూడా తట్టాడు, అడగకుండా ముట్టుకోనని మాటిచ్చిన మనిషి. ఇవాళ చూసిన ఆడమనిషి ఇతనికి బాగా నచ్చినట్టుంది. అలాగైతే ఇక బతుకంతా ఆవిడలాగే ఉండాలి. మళ్ళీ అదే చాకిరీ.

వాళ్ళు గుమ్మం దాటగానే తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎంత చక్కగా ఉన్నావే ఇవాళ! ఎప్పుడూ ఇలాగే ఉంటే నాకీ దిగులు ఉండేదా?" అంది. ఆమె బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుంది. చల్లటి నేల మీద చాలాసేపు కూర్చుంది. రేపు వద్దని చెప్పెయ్యాలి. అతను లేని మధ్యాహ్నాలు తలుచుకుంటేనే ఊపిరాడటం లేదు, అయినా చెప్పెయ్యాలి.

మర్నాడు మోటారు గదిలో అతను గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అన్నం డబ్బా మూత తియ్యలేదు. ఆమె నోరు విప్పేలోగా అతనే అన్నాడు.

"నిన్న మీ ఇంట్లో టీ ఇచ్చినావిడ ఎవరో నాకు తెలియదు. ఆవిడతో నేను ఉండలేను. క్షమించండి."

ఆమె గోడ పట్టుకుంది.

"మీరు వానల గురించి మాట్లాడారు" అంది.

"అక్క రాసిచ్చింది. మూడు లెక్కపెట్టేదాకా చూడమంది. మీ అమ్మగారి ముందు మీకు చిన్నతనం కాకూడదని వారం రోజులు అద్దం ముందు నేర్చుకున్నాను. భుజం తట్టడం కూడా. ఇంటికెళ్ళి తలుపేసుకుని పడుకున్నాను."

"మా అమ్మ నాలుగు చెప్పింది."

అతను గిర్రున తిరిగాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఎవరూ నేర్పని నవ్వు, వంకరగా, గురకలాంటి చప్పుడుతో. వెనకే ఏడుపూ వచ్చింది. ఒకరి పరువు ఒకరు కాపాడబోయి ఇద్దరూ నిండా మునిగేవాళ్ళే. వీపు ఆనించవచ్చా అని అతను అడిగాడు. ఊఁ అంది. ఆ పూట డబ్బాలు చల్లారిపోయాకే తిన్నారు.

సాయంత్రం తల్లి గుమ్మంలోనే ఎదురొచ్చి, అతనేమన్నాడని అడిగింది. ఆమె సంచీ కింద పెట్టింది. లెక్కపెట్టలేదు, నవ్వలేదు. తల్లి భుజం మీదుగా తలుపు గడియకేసి చూస్తూ చెప్పింది.

"నిన్న నువ్వు మెచ్చుకున్నావే అమ్మా, ఆవిడకి ఈ సంబంధం తప్పిపోయింది. నాకు కుదిరింది."