సందర్శకులు కాని జనం

ఆ వేసవిలో గుడ్రున్‌కి తిండి సయించలేదు. లాంగ్విక్ రేవులో పాత చేపల పడవలు పెట్టిన చిన్న మ్యూజియం ఆవిడది. అంటే జీతానికి చూసుకునే మనిషే గానీ, ప్రాణమంతా దానిమీదే. మునిసిపాలిటీ వాళ్ళు ఉత్తరం రాశారు. జనం రావడం లేదట. ఆగస్టు చివరి శనివారం వాళ్ళ మనిషొచ్చి చూస్తాడట. అప్పటికీ ఇదే తంతు అయితే తలుపులు మూసి, పడవల్ని నగరంలో ఏదో గోదాములో పడేస్తారట.

జనం రాని మాట నిజమే. ఎందుకొస్తారు? ఆ పడవలు వాళ్ళ తాతలవే. "మా ఇంటి సామాను చూడ్డానికి మేం టికెట్టు కొనాలా?" అని వాళ్ళ ధీమా.

గుడ్రున్ ఓస్లో నుంచి మారియుస్ అనే ప్రచార నిపుణుణ్ణి పిలిపించింది. ఆ మహానుభావుడు పడవల మధ్య యోగా పెట్టించాడు. ముగ్గురొచ్చారు, అందులో ఒకావిడ వానకి తలదాచుకోవడానికి. ఊరంతా రంగురంగుల పోస్టర్లు అంటించాడు. గొర్రెలు తినేశాయి. చివరికి ప్రవేశం ఉచితమన్నాడు. ఉచితమంటే ఏదో మెలిక ఉండి తీరుతుందని, వచ్చే ఇద్దరూ మానేశారు.

"మీవాళ్ళకి కళాపోషణ లేదు" అని తేల్చేసి, మారియుస్ వెళ్ళిపోయాడు.

మ్యూజియం కాపలాదారు ఐవిన్ డెబ్భై దాటినవాడు. "అమ్మాయ్, మనవాళ్ళని చూడ్డానికి రమ్మంటే రారు. పనుంది రమ్మను, అప్పుడు చూడు తమాషా" అన్నాడు.

పడవల కొట్టం గోడలకి తారు పూయాలి, ఆగస్టు చివరి శనివారం పదింటికి డుగ్నాడ్ అని ఊరి దుకాణం తలుపు మీద కాగితం అంటించాడు. డుగ్నాడ్ అంటే ఊరి ఉమ్మడి పని. ఎగ్గొడితే ఎవరూ పల్లెత్తు మాటనరు. ఆ అనకపోవడాన్నే ఎవరూ భరించలేరు!

పది కొట్టేసరికి అరవై మంది దిగారు, ఎవరి బ్రష్షు వాళ్ళు తెచ్చుకుని. పన్నెండింటికి కాఫీ కప్పులతో లోపలికొచ్చి పడవల చుట్టూ చేరారు.

"ఇది మా తాత పడవ."

"మీ తాత దాన్ని బండకేసి కొట్టాడు. బాగుచేసింది మా తాత."

"ఆ, చేశాడు లే! అప్పట్నుంచే కారుతోంది."

గుడ్రున్ కళ్ళు చెమర్చాయి. పదేళ్ళలో ఆ గదిలో ఇంత గోల ఆవిడ వినలేదు.

సరిగ్గా అప్పుడే మునిసిపాలిటీ మనిషి స్టూర్లా వచ్చాడు. "అబ్బో, ఎంతమంది సందర్శకులు!" అంటూ పుస్తకం తెరిచాడు.

"సందర్శకులం కాదు, పనికొచ్చాం" అంది వాఫెల్స్ పంచుతున్న బోర్గ్‌హిల్డ్.

"పోనీ, మ్యూజియం చూడ్డానికి వచ్చినవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు. గుడ్రున్ కళ్ళతోనే బతిమాలింది. ఊహూఁ! చావనైనా చస్తారు గానీ అబద్ధమాడరు ఈ మొండిఘటాలు.

"అయితే సున్నా వెయ్యాలి మరి" అన్నాడు స్టూర్లా. పాపం, అతనికీ బాధగానే ఉంది.

గుడ్రున్‌కి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఇంత నిజాయితీ ఎవడడిగాడు వీళ్ళని?

ఐవిన్ మాత్రం తాపీగా అతని దగ్గరికొచ్చాడు. "రాసింది చాల్లే గానీ బాబూ, చేతులు ఖాళీగానే ఉన్నాయిగా? ఈ బకెట్టు పట్టు."

ఇంతమంది చూస్తుండగా ఎలా కాదంటాడు? అతనూ ఈ గడ్డ మీద పుట్టినవాడేగా! కోటు విప్పి మేకుకు తగిలించాడు. సాయంత్రం నాలుగింటికి ముక్కు మీద తారుతో ఉత్తరపు గోడ ముందు నిలబడి, తన పని తానే మురిసిపోతూ చూసుకుంటున్నాడు.

గుడ్రున్ అతని పక్కకి వచ్చింది. "స్టూర్లా, కనీసం నిన్నైనా ఒక సందర్శకుడి కింద రాసుకోవా? సున్నా కంటే ఒకటి నయం కదా."

అతని మొహం కందగడ్డయింది. "నేనా? నేను సందర్శకుణ్ణా? ఈ గోడంతా ఎవరు పూశారనుకున్నావ్?"

విసురుగా పుస్తకం తీసి, 'సందర్శకులు' అన్న మాట కొట్టేసి, 'మనుషులు' అని రాసి, ఎదురుగా అరవై ఒకటి వేశాడు. తర్వాత ఐవిన్ వైపు తిరిగాడు. "రెండో పూత ఎప్పుడు?"

"వచ్చే వేసవికి" అన్నాడు ఐవిన్, కన్నైనా ఆర్పకుండా.

"మరింకేం, అప్పటిదాకా మూసేది లేదు. పనిని సగంలో వదిలేసి పోతారా ఎవరైనా!"