చీర వెనకున్న చెల్లెలు

ధర్మవరంలో పట్టుచీరల ఫోటోలు తీయడంలో నన్ను మించినవాడు లేడని చెప్పుకునేది నేనే. ఇంకెవరు చెబుతారు? జరీ మెరవాలి, కొంగు పరుచుకోవాలి, కట్టుకున్న మనిషి చీరకు అడ్డం రాకూడదు. మొహం మసకబారినా షాపువాళ్లకు పట్టదు.

మా చెల్లెలు సౌమ్యకు హిందూపురం సంబంధం వచ్చింది. అబ్బాయి కేశవ పెనుకొండ కాలేజీలో దాని సీనియర్. అది నోరు విప్పి చెప్పదు గానీ, ఆ పేరు వింటే చాలు, ముసిముసిగా నవ్వుతుంది. ఫోటో నేనే తీస్తానని ఎగిరి గంతేశాను. మెరూన్ పట్టుచీర కట్టించి, లైట్లన్నీ వేసి తీసి, అబ్బాయి వాళ్లమ్మకు వాట్సాప్ చేశాను. ఆమె చీరలు కొనే మనిషి, షాపువాళ్ల తరఫున నా నంబరు నుంచి ఆమెకు రోజూ చీరల ఫోటోలు పోతూనే ఉంటాయి.

సాయంత్రానికి జవాబు వచ్చింది. "చీర శానా బాగుండాది. రేటెంత?"

సౌమ్య ఫోన్ లాక్కుంది. జరీ అంచు ధగధగలాడుతోంది. ఫోటోలో దాని మొహం మాత్రం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"నా మొగం యాడన్నా? నువ్వు నన్నెప్పుడన్నా సరిగ్గా చూసినావా?" అంది. కళ్లలో నీళ్లు. నా ప్రాణం ఉసూరుమంది.

మరునాడు పట్టూ లేదు, లైట్లూ లేవు. ఇంట్లో వేసుకునే చుడీదార్‌లోనే మగ్గం పక్కన కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. వెలుతురు మెత్తగా పడుతోంది. ఫోకస్ కంటి మీద పెట్టాను. నవ్వమని మాత్రం అనలేదు.

"ఇంగా ఎంతసేపన్నా? గొర్రె మాదిరి చూస్తాండావు!"

"కేశవకు ఏ కూర ఇష్టమో అని ఆలోచిస్తాండా."

"థూ, పో అన్నా!" అంటూ పకపకా నవ్వింది. నొక్కేశాను.

ఎడమ బుగ్గన సొట్ట పడింది. ఒకే ఇంట్లో పెరిగాం, నేనెప్పుడూ గమనించనేలేదు. సిగ్గేసింది. ముద్దూ వచ్చింది.

ఈసారి పంపిన గంటకే హిందూపురం నుంచి, "అమ్మాయి నవ్వు బలే ఉండాది. ఎప్పుడు రమ్మంటారు? మావాడి ఫోటో కూడా పెడతాండా," అని వచ్చింది.

ఇద్దరం ఆత్రంగా తెరిచాం. తళతళలాడే కొత్త బైకు. దాని మీద నల్ల కళ్లద్దాలు, హెల్మెట్టు.

సౌమ్య ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చేసి చూసింది. తర్వాత నింపాదిగా ఫోన్ నా చేతికిచ్చింది.

"బండి బాగుండాది, రేటెంతో అడుగన్నా," అంది. "అట్లే కెమెరా తీసుకోని రేపే హిందూపురం పో."