సుద్ద గీసిన బొబ్బలు

ఫైబర్ పడవల సంగతి పెంచల్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి నీళ్లలో నానితే అడుగున బొబ్బలు లేస్తాయి. అమ్మేవాడు వాటి మీద రంగు కొట్టేస్తాడు. తన పాత పడవకి తను చేసిందీ అదే. ఆదివారం దాన్ని కొనడానికి, చూసుకోవడానికి తోటపల్లి గూడూరు నుంచి మనిషి వస్తున్నాడు.

ఆ కిటుకు తెలుసు కాబట్టే మైపాడులో వనజాక్షి అమ్ముతున్న పెద్ద పడవ చూడడానికి స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని మరీ వెళ్లాడు. నాకా టోపీ పెట్టేది, చూద్దాం అనుకుంటూ.

ఇసుక మీద బోర్లించిన పడవని చూసి నిలబడిపోయాడు. ప్రతి బొబ్బ చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి ఉంది. నమ్మలేక, స్క్రూడ్రైవర్ పిడితో గంటసేపు పడవంతా తట్టాడు. గీతల లోపల డొల్లగా మోగింది. బయట ఒక్కచోటా మోగలేదు. ఒక బొబ్బని పొడిస్తే పుల్లటి వాసనతో నీళ్లు కారాయి.

"అన్నీ గీకి, బాగా ఆరబెట్టి, కొత్త పూత వేయించాల," అంది వనజాక్షి. "తొందరపడితే మళ్లీ లేస్తాయి."

"అందరి మాదిరి నువ్వూ రంగు కొట్టుండొచ్చు గదక్కా?"

"ఎక్కేది నువ్వు గదబ్బయ్యా!" అందామె, ఇది కూడా అడగాలా అన్నట్టు.

పెంచల్‌కి బేరమాడ బుద్ధి కాలేదు. స్క్రూడ్రైవర్ తుడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

"పడవ నాదే అక్కా," అన్నాడు. "ఆ సుద్దముక్క మిగిలుంటే ఇటియ్యి. ఆదివారం లోపల నా పడవకి రంగు గీకాల."