మామయ్య కోటుకు పెట్టిన గుండీ

అయినా కోటుకేం తెలుస్తుంది, తెలిసేదంతా తన చేతులకే, ఆ చేతులు నిజమే చెబుతాయని మాత్రం ఏమిటి నమ్మకం, మనసు కోరుకున్నదాన్నే తడిమి తెచ్చి నిజమని చూపిస్తాయేమో, అనుకుంటూ చిన్నది బస్సు కిటికీ పక్కన, ఒళ్ళో కోటు పెట్టుకొని కూర్చుంది. నలభై దాటినా ఇంట్లో ఆమె చిన్నదే. అలా పిలిచేవాళ్ళలో ఇప్పుడు అక్క ఒక్కతే మిగిలింది.

కోటు మామయ్యది. అమ్మ పోయాక ఇద్దరినీ చేరదీసి, తన లాండ్రీలోనే పని నేర్పినవాడు. పోయిన వారం ఓ పొద్దున చిన్నది షాపుకు వెళ్ళేసరికి ఆయన నేలమాళిగ మెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. ముందురోజు షాపు అమ్మేస్తున్నానని ఆయన చెప్పగానే లాండ్రీ వ్యాన్ డ్రైవర్ నలుగురిలో అరిచాడు. నీ అంతు చూస్తానన్నాడు. పోలీసులకు అది చాలింది. రేపు అతన్ని కోర్టులో నిలబెడతారు.

ఉతకని బట్ట ముట్టుకుంటే, దాన్ని విప్పిన క్షణంలో ఆ మనిషికి ఏమనిపించిందో అది చిన్నదాని ఒంట్లోకి దిగుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఒకసారి ఓ పెళ్ళికొడుకు సూటు అందుకొని వెక్కివెక్కి ఏడ్చింది. మర్నాటి నుంచి మామయ్య ఆమెను ఉతికిన బట్టల వైపు మార్చాడు.

ఈ మధ్యాహ్నం స్టేషన్లో కోటు తిరిగి ఇచ్చినప్పుడు, ఆయన చివరి భయం మీద పడుతుందని పళ్ళు బిగపట్టింది. భయం రాలేదు. తన వీపు వదులైంది. చేతులు వెనక్కి చాచి, తెలిసిన మనిషికి వీపు అప్పగించిన నిశ్చింత, అంతే.

"ఆయన భయపడలేదండీ," అంది ఇన్‌స్పెక్టర్‌తో.

"కోటు చెప్పిందా?"

"అలాగే అనుకోండి."

"మంచిది. ప్యాంటును కూడా ఓ మాట అడిగి రామ్మా. ఇద్దరి వాంగ్మూలం కలిపి రాసుకుంటాను."

ఆ నవ్వులో చెడ్డతనం లేదు. ఆమెకు కోపమూ రాలేదు. ఆయన చోట ఉంటే తనూ నవ్వేది. అందుకే బస్సెక్కాక చేతుల్ని పక్కన పెట్టి కళ్ళతో చూడటం మొదలుపెట్టింది. షాపులో మేకుకు ఉన్నదాన్ని ఉన్నట్టే, హ్యాంగర్‌తో సహా పోలీసులు సంచిలో పెట్టారు. పై గుండీ పెట్టి ఉంది.

మామయ్యకు కుడి భుజం పట్టేసి ఏళ్ళయింది. కోటు తనంతట తాను విప్పుకోలేడు. ఎవరూ లేకపోతే కోటుతోనే ఇస్త్రీ బల్ల దగ్గర చెమటలు కక్కుతూ నిలబడేవాడు. అక్కో చిన్నదో వచ్చి, వెనక నిలబడి విప్పాలి. హ్యాంగర్‌కు వేసి, భుజాలు జారకుండా పై గుండీ పెట్టి తగిలించాలి. ఆయన నేర్పిన మొదటి పని అదే. డ్రైవర్ ఓసారి సాయం చేయబోతే, "నువ్వు నీ వ్యాన్ సంగతి చూసుకో," అని కసిరాడు.

ఆ పొద్దున కోటు మేకుకు ఉండటం ఆమె చూసింది. చూసీ చూడలేదు. రోజూ ఉండే చోట ఉన్నది కంటికి ఆనదు. విప్పింది తను కాదు. జ్వరంతో ఆ పొద్దున ఇల్లు కదల్లేదంది అక్క.

నిద్రపోయినట్టు నటిస్తే బస్సు అక్క వీధి దాటిపోతుంది కదా, అని లోపల ఎవరో మెత్తగా అన్నారు. ఆ గొంతు తనదే. చిన్నది లేచి ముందుకు నడిచి, ఆపమంది.

అక్క మంచం మీద తువ్వాళ్ళు మడతపెడుతోంది.

"రావే సోదెమ్మా. ఈసారి ఎవరి చొక్కా నోరు విప్పింది?"

"చొక్కా కాదక్కా. మామయ్య కోటు."

అక్క అంచుకు అంచు కలిపింది. ఎప్పటికంటే నీటుగా. "ఏమందేం?"

"దాని మాట వదిలెయ్. గుండీ ఎవరు పెట్టారు?"

"ఆయనే పెట్టుకొని ఉంటాడు."

"ఆ భుజంతోనా?"

అక్క మడతపెట్టిన తువ్వాలును విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"వయసంతా ఆ ఆవిరిలో ఉడికానే. అమ్మేముందు నన్నొక్క మాట అడగలేదు. కోటు విప్పుతున్నంతసేపూ కొన్నవాడి గొప్పలే. తగిలించి వచ్చేసరికి మెట్ల దగ్గర నిలబడి ఇంకా అవే చెబుతున్నాడు. తోశాను. పడతాడనుకోలేదని చెప్పను. ఏమీ అనుకోలేదు."

"డ్రైవర్ లోపలున్నాడక్కా."

"వాడు అరిచాడుగా. నేను అరవలేదు."

అక్క ఇంకో తువ్వాలు అందుకుంది. పక్కింట్లో ఎవరో కుర్చీ జరుపుతున్నారు.

"నీ మాట ఎవడు నమ్ముతాడే? కోటు ముట్టుకుంటే తెలిసిందంటావా?"

"అనను. భుజం సంగతి చెబుతాను. గుండీ సంగతి చెబుతాను. ఆ పని చేసే వాళ్ళం ఇద్దరమే, నేను చేయలేదు అంటాను."

"నిన్ను చంకనేసుకొని తిరిగానే."

"తిరిగావు."

అక్క అప్పుడే విప్పి పడేసిన స్వెట్టరు మంచం కోడు మీద ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ఒక్కసారి తాకితే అక్క లోపల పశ్చాత్తాపం ఉందో లేదో తెలిసిపోతుంది. ఉంటే జాలి కాళ్ళకు అడ్డం పడుతుంది. లేకపోతే తను చేసేది న్యాయం కాకుండా కక్ష అవుతుంది. ఏదైనా సరే, డ్రైవర్ లోపలే ఉంటాడు.

చిన్నది చేతిని స్వెట్టరు వైపు పోనివ్వలేదు. సంచిలోంచి ఫోను తీసి, అక్క చూస్తుండగానే ఇన్‌స్పెక్టర్ నంబరు నొక్కింది.