రెండు ఫోన్ల మధ్య దుప్పటి

మా బట్టల మిషన్‌కి మేమిద్దరం మహారాణి అని పేరు పెట్టుకున్నాం. మా పెళ్లయి నలభై రెండు రోజులు, మహారాణి వచ్చి పదకొండు రోజులు. దానికి ముప్పై ఒక్క ప్రోగ్రాములు. ఉన్నికొకటి, దిండ్లకొకటి, కాఫీ మరకలకంటూ ప్రత్యేకంగా ఇంకొకటి. ఉతుకుతుంది, ఆరబెడుతుంది, పనయ్యాక పాట కూడా పాడుతుంది. మా ఆయన దానితో వచ్చిన పుస్తకాన్ని పరీక్షకి చదివినట్టు చదివి, ఇద్దరి ఫోన్లలోనూ మహారాణి యాప్‌ని ఎక్కించాడు.

ఆ రోజు నాకు సెలవు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి తిరిగి ఆఫీసుకి వెళ్తూ తను గుమ్మం దగ్గర చెయ్యూపాడు. మంచం మీద కూర్చున్న నేనూ ఊపాను. కాఫీ కప్పున్న చేత్తో.

సగం కప్పు దుప్పటి మీద పడింది. మామూలు దుప్పటైతే నవ్వుకునేదాన్నే. అది మా అత్తగారు మా పెళ్లికని ఆరు నెలలు కూర్చుని, అంచు పొడవునా ఎర్రదారంతో పూలు కుట్టిన తెల్లదుప్పటి. ఆవిడ మా ఇంటికి మొదటిసారి వస్తున్నది ఆ రోజే, నాలుగింటికి. "అది మీ మంచం మీద ఎలా ఉందో చూడాలమ్మాయ్" అని పొద్దున ఫోన్లో కూడా చెప్పారు.

అప్పుడు టైం రెండు. దుప్పటి మహారాణిలో వేసి, చల్లనీళ్లతో గంటలో ఉతికి ఆరబెట్టే ప్రోగ్రాం నొక్కి, మా ఆయనకి "దుప్పటి మీద కాఫీ పోశాను. మిషన్లో వేశా. దేవుడికి చెప్పుకో" అని మెసేజ్ పెట్టి, ఇల్లు సర్దడంలో పడ్డాను.

పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే, తెర మీద మూడు గంటల పది నిమిషాలు అని ఉంది. నా వేలే ఎక్కడో తగిలిందనుకుని మళ్లీ గంటకి మార్చాను. కూరలు తరిగి వచ్చేసరికి మళ్లీ మూడు గంటల పది! "ఏంటే నీ పొగరు?" అని మార్చాను. స్నానం చేసి వచ్చేసరికి మళ్లీ అదే. అది నీళ్లు పట్టడం, వదిలేయడం, మళ్లీ పట్టడం. తలుపు తీద్దామంటే లోపల నీళ్లున్నాయి, తీయనివ్వదట. నాలుగుకి పది నిమిషాలు తక్కువ. ఏడుపొక్కటే తక్కువ. మా ఆయనకి ఫోన్ చేశాను.

"నీ మహారాణికి పిచ్చెక్కింది! గంట పెడితే మూడు గంటలు చేస్తోంది!"

"నేనూ నీకు అదే చెబుదామనుకుంటున్నా. నీకు సాయం చేద్దామని ఇక్కణ్ణుంచి కాఫీ మరకల ప్రోగ్రాం పెడుతుంటే, మాటిమాటికీ గంటకి మార్చేస్తోంది!"

మహారాణి తెర వైపు చూశాను, చేతిలో ఫోన్ వైపు చూశాను.

"అంటే ఇందాకట్నుంచీ..." అన్నాను.

"మనమిద్దరమేనా..." అన్నాడు. ఫక్కున నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది కానీ మధ్యలోనే ఆగిపోయింది.

"ఆ ప్రోగ్రాంలో నీళ్లు వేడా?"

"అరవై డిగ్రీలు."

"ఎర్రదారం రంగు దిగుతుంది కదరా!"

గబగబా మళ్లీ గంటకి మార్చాను. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

అత్తయ్యని లోపలికి తీసుకొచ్చి, మంచినీళ్లిచ్చి, ఒక్క గుక్కలో మొత్తం చెప్పేశాను. దాచడం నాకు చేతకాదు. ఆవిడ స్టూలు లాక్కుని మహారాణి ముందు కూర్చున్నారు. గుండ్రటి అద్దం వెనక ఆరు నెలల పని గిరగిరా తిరుగుతోంది.

"నా పూలు రంగులరాట్నం ఎక్కాయే" అన్నారు.

తలుపు తెరుచుకునేసరికి అయిదైంది. దుప్పటి బయటికి లాగి విప్పాను. నీళ్లు వేడెక్కేలోపే నేను ప్రతిసారీ అడ్డుపడ్డానో ఏమో, ఎక్కడా ఎరుపు అంటలేదు.

"రంగు దిగే దారంతో నా కొడుక్కి కుడతానా?" అన్నారు అత్తయ్య.

కానీ కాఫీ మరక మాత్రం లేతగా అలాగే ఉంది. నడిమధ్యన, నా అరచేయంత. నా మొహం చూసి ఆవిడ దుప్పటి అటు తిప్పి, ఒక మూల చూపించారు. అంచుకి దూరంగా అక్కడొక్కటే ఒంటరి పువ్వు. నేను రోజూ చూసి, అదేదో కళ అనుకున్న పువ్వు.

"దాని కింద ఏముందనుకున్నావ్? నా టీ. నీకు చెప్తున్నా, వాడికి చెప్పకు. ఏడిపిస్తాడు. సూది ఉందా?"

ఉంది. ఎర్రదారం ఆవిడ సంచీలోనే ఉంది. ఒక రేకు ఆవిడ కుట్టారు, ఒక రేకు నాచేత కుట్టించారు. నా రేకు వంకర. "ఉండనీ, ఇది నీదని తెలుస్తుంది" అన్నారు.

మూడో రేకు మొదలుపెట్టామో లేదో, వెనక ఖాళీ మహారాణి బుడబుడమని నీళ్లు పట్టడం మొదలుపెట్టింది. అత్తయ్య ఉలిక్కిపడి సూది వదిలేశారు.

"మీ అబ్బాయే. ఇంకా సాయం చేస్తున్నాడు" అన్నాను.

"చెయ్యనీవే పాపం. వాళ్ల నాన్న పక్కనే ఉన్నా స్విచ్ వేసేవారు కాదు" అని ఆవిడ సూది వెతుక్కున్నారు.