డ్రమ్ములో పదకొండు కొరమీనులు

మృగశిర కార్తె మొదటిరోజు చేప తినాలన్నది హైదరాబాదులో చాలామందికి పట్టింపు. అశోక్‌నగర్ జగన్నాథరావుగారికైతే వట్టి చేప చాలదు, కడుపునిండా గుడ్లున్న చేప కావాలి. పైగా ఈసారి కాకినాడ నుంచి బావమరిది శ్రీరామమూర్తి దిగాడు. వస్తూనే, "హైదరాబాదులో ఉన్నవాడివి, నీకు చేపలేం తెలుస్తాయి బావా!" అని ఎకసెక్కం మొదలుపెట్టాడు. రావుగారికి ఒళ్ళు మండింది.

"మధ్యాహ్నం గుడ్ల వేపుడు పెట్టించకపోతే నా పేరు మార్చుకుంటాను," అని సంచీ తీసుకుని బయల్దేరారు.

చిక్కడపల్లి మార్కెట్ సందులో ఆశమ్మ తొట్టి చుట్టూ జనం విరగబడి ఉన్నారు. ఆమెది పాలమూరు వైపు ఊరు. మొగుడు ఈరన్న అక్కడి చెరువులో పట్టిన కొరమీనుల్ని ప్రాణంతోనే డ్రమ్ముల్లో తెస్తే, ఆమె ఇక్కడ కోసి అమ్ముతుంది.

"మంచిగొచ్చిన్రు సారూ," అంది ఆశమ్మ, చేప కోస్తూనే. "గుడ్లున్నయేవో మీ లెక్క ఎవ్వరు చెప్పలేరు. నాకు చెయ్యి ఖాళీ లేదు. జర అవి ఏరి ఆ డ్రమ్ముల ఎయ్యుర్రి."

పొగిడితే కరిగిపోయే మనిషాయె. చొక్కా చేతులు పైకి మడిచారు. జారిపోయే చేపను ఒడుపుగా పట్టడం, పొట్ట నిమిరి చూడడం, ఇటో అటో వెయ్యడం. పదకొండు తేలాయి. జనం నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయనకు ఎంత హాయిగా ఉందో!

"అందులో పెద్దది నాకు కొయ్యి."

"అవి అమ్మేటియి కాదు సారూ. మా ఆయన మళ్ల చెర్ల ఇడుస్తడు."

రావుగారు తెల్లబోయారు. "నాచేత ఏరించి, నాకే లేదంటావా?"

ఆశమ్మ కత్తి పక్కన పెట్టింది. "పోయిన మృగశిరకు గుడ్లున్నయి గూడ అన్ని కోసి అమ్మినం. గిరాకీ మస్తయ్యింది. గని తర్వాత వల ఏస్తే పిల్లచేప గూడ రాలె. మా ఆయన ఆర్నెల్లు అడిక్‌మెట్ల ఇటుకలు మోసిండు. మీరు పాతోళ్లు, కాదనను. కావాలంటే ఒకటి తీస్కోండ్రి."

రావుగారు పెద్దదాన్ని పైకి తీశారు. నిండు పొట్టతో చేతిలో గింజుకుంటోంది. బావమరిది వెటకారపు నవ్వు కళ్ళముందు మెదిలింది. డ్రమ్ము పక్కన మూత పట్టుకుని నిలబడ్డ ఈరన్న ఆ చేపనే చూస్తున్నాడు. రావుగారికి సిగ్గేసింది. మెల్లగా దాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలారు.

"మూత పెట్టు ఈరన్నా. ఎండెక్కకముందే బయల్దేరు," అని, గుడ్లు లేని చేప కోయించుకుని ఇంటికొచ్చారు.

భార్య హైమవతి పులుసు పెట్టింది. శ్రీరామమూర్తి రెండుసార్లు వడ్డించుకుని, మూతి తుడుచుకున్నాడు.

"పులుసు అదిరింది. మరి గుడ్లేవి బావా? పేరు మార్చుకుంటానన్నావు!"

"పేరు నీకు నచ్చింది పెట్టు," అన్నారు రావుగారు, తృప్తిగా ఇంకో ముక్క వేసుకుంటూ. "గుడ్లు మాత్రం ఈపాటికి పాలమూరు దారిలో ఉంటాయి. పదకొండు చేపలూ ఏరింది నేనే."